పాత మిషన్లతో ఇంటి దగ్గర చిన్న వడ్రంగి షెడ్డు: ఏది కొనాలి, ఎలా నిలబెట్టాలి

పాత రందా మిషన్ కొనేటప్పుడు మీరు డబ్బులు పెట్టేది పోత ఇనుముకూ షాఫ్టుకూ. మోటారు, బెల్టు, బేరింగులు, బ్లేడ్లు, స్టార్టరు, పైన వేసిన రంగు, ఇవన్నీ ఏ జిల్లా కేంద్రంలోనైనా మళ్ళీ దొరికేవే. బల్ల పగిలినా, షాఫ్టు వంగినా మాత్రం బాగుచేయించడం కంటే ఇంకో మిషన్ వెతుక్కోవడమే చవక. చాలామంది తలకిందులుగా కొంటారు. రంగు నిగనిగలాడుతోందా, మోటారు తిరుగుతోందా అని చూసి బేరం కుదుర్చుకుంటారు, ఇంటికొచ్చాక చెక్కకు వంపు ఎందుకు పోవట్లేదో తెలియక తిప్పలు పడతారు.

కింద చెప్పేదంతా సింగిల్ ఫేజ్ కరెంటున్న ఇంట్లో, పదడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవున్న గదిలోనో కారు షెడ్డులోనో స్టూళ్ళు, అల్మరాలు, మంచాలు, కిటికీ రెక్కల దాకా చేసుకోవాలనుకునేవారి కోసం.

ఏ వరుసలో కొనాలి

ముందు పనిబల్ల. మిషన్ల కంటే ముందు ఇదే ఉండాలి, ఎందుకంటే మిషన్ బాగుచేసే పని కూడా దీని మీదే జరుగుతుంది. ఎత్తు మీరు నిలబడి చేతులు వదిలేస్తే మణికట్టు దగ్గరికి రావాలి, చాలామందికి 32 నుంచి 34 అంగుళాలు సరిపోతుంది. పైచెక్క రెండున్నర అంగుళాలకు తగ్గకూడదు. పాత ఇళ్ళు కూల్చిన చోట దొరికే దూలాలు, వాసాలు దీనికి భేషుగ్గా పనికొస్తాయి. ఎన్నో ఏళ్ళుగా ఎండి ఉంటాయి కాబట్టి ఇక పెద్దగా మెలితిరగవు.

రెండోది రందా మిషన్, అంటే సర్ఫేస్ ప్లేనర్. మన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో ఎక్కువగా కనిపించేది ప్లేనర్, రంపం ఒకే షాఫ్టు మీద ఉన్న కంబైన్డ్ మిషన్. 9 అంగుళాలదైనా చాలు, 12 అయితే నిశ్చింత. ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. సర్ఫేస్ ప్లేనర్ ఒక ముఖాన్ని చదును చేస్తుంది, ఒక అంచును దానికి మూలమట్టం చేస్తుంది. అంతవరకే. చెక్కను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే మందానికి తేవడం దానివల్ల కాదు, ఆ పని థిక్‌నెసర్‌ది. మొదట్లో థిక్‌నెసర్ కొనకండి. ఒక ముఖం మీరు చదును చేసుకుని, మందం మాత్రం టింబర్ డిపోలో వేయించుకోండి.

మూడోది స్టాండు మీద నిలిచే డ్రిల్ మిషన్, 13 మి.మీ. చక్కుతో. బ్యాండ్‌సా, అంటే పట్టీ రంపం, ఆ తర్వాత, వంపులు కోసే పని నిజంగా పడినప్పుడు. ఏటికొప్పాక తరహా లక్కపనిమీద మోజున్నవాళ్ళకు లేతు వేరే దారి, దాన్ని ఇందులో కలపడం లేదు.

ఒకటి గట్టిగా చెప్పాలి. మార్బుల్ కట్టర్‌ను తలకిందులు చేసి ప్లైవుడ్ ముక్క కింద బిగించి దాన్నే టేబుల్ రంపంగా వాడటం సైట్లలో రోజూ చూస్తుంటాం. అది నిమిషానికి సుమారు 12 వేల చుట్లు తిరుగుతుంది. కోసిన చెక్క మూసుకుపోయి బ్లేడును నొక్కకుండా ఆపే చీలికకత్తి వెనక లేదు, పైన కవచం లేదు, కరెంటు పోయి వస్తే ఆగే ఏర్పాటూ లేదు. డబ్బు తక్కువైతే చేతిరంపంతో కోయండి గానీ దీని జోలికి పోవద్దు. యాంగిల్ గ్రైండరుకు చెక్క కోసే పళ్ళబ్లేడు వేయడం ఇంతకన్నా ఘోరం.

కొట్టులో మిషన్ చూసేటప్పుడు

వెంట తీసుకెళ్ళాల్సినవి: మూడడుగుల స్టీలు స్ట్రెయిట్ ఎడ్జ్ (అంచు తిన్నగా ఉన్న బద్ద), ఆటో స్పేర్స్ కొట్లో దొరికే ఫీలర్ గేజి (సందులు కొలిచే సన్న రేకుల కట్ట), మూలమట్టం, టార్చి, చిన్న అయస్కాంతం, స్క్రూడ్రైవరు, వైరులో ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటరు.

మొదట పగుళ్ళు చూడండి. షాఫ్టుకు ఇటు చెక్కను తోసే వైపు ముందుబల్ల, అటు చెక్క దిగే వైపు వెనకబల్ల ఉంటాయి. ఈ రెండు బల్లలనూ కింది నుంచి టార్చి వేసి, ముఖ్యంగా బల్ల ఎక్కిదిగే జారుడు పట్టీలు, అంటే స్లైడ్లు, కలిసే మూలల్లో, షాఫ్టు బేరింగులు కూర్చునే కప్పుల దగ్గర వెతకండి. కొత్తగా మందంగా రంగు వేసి ఉంటే అయస్కాంతం తిప్పండి. పుట్టీ పెట్టి కప్పిన చోట అది పట్టుకోదు. సుత్తితో నెమ్మదిగా తడితే గట్టి పోత ఖంగుమంటుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది. వెల్డింగ్ చేసిన బల్లను ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి.

తర్వాత కట్టర్ బ్లాక్, అంటే షాఫ్టుతో తిరిగే, బ్లేడ్లు బిగించే దిమ్మ. గుండ్రంగా ఉండాలి. నలుచదరపు బ్లాకున్న పాత మిషన్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటి మూలలకూ బల్లకూ మధ్య సందులోకి వేలు వెళ్తే మొదలంటా లాగేస్తుంది. ఎన్ని హంగులున్నా అది కొనదగ్గ మిషన్ కాదు.

ఇప్పుడు చదును. ముందుబల్లను పైకెత్తి వెనకబల్ల ఎత్తుకు తెచ్చి, స్ట్రెయిట్ ఎడ్జ్‌ను రెండింటి మీదా పరిచి, కింద ఫీలర్ గేజి దూర్చండి. నిలువుగా మూడుచోట్ల, ఐమూలగా రెండుచోట్ల. 0.15 మి.మీ. రేకు దూరకపోతే మిషన్ బంగారం. 0.2, 0.3 దూరితే షిమ్‌లతో, అంటే సందులో పెట్టే పలచని రేకు ముక్కలతో, సరిచేయవచ్చు. 0.5 దాటితే స్లైడ్లు అరిగిపోయాయని అర్థం, బేరమాడటం అనవసరం.

ఈ తేడా చెక్క మీద ఎలా తేలుతుందో తెలిస్తే పాత మిషన్ జబ్బు ఇట్టే పట్టుకోవచ్చు. బల్లల బయటి కొసలు కిందికి వాలితే, రందా పట్టిన అంచు మధ్యలో లోపలికి గుంట పడుతుంది. రెండు చెక్కలు అంచుకు అంచు కలిపితే నడుమ వెలుతురు కనబడుతుంది. కొసలు పైకి లేస్తే అంచు మధ్యలో ఉబ్బుతుంది, చెక్కలు కలిపితే రెండు చివరలా సందు ఉంటుంది. కొట్టువాడు ఒప్పుకుంటే రెండడుగుల చెక్కలు రెండు తీసుకెళ్ళి అక్కడికక్కడే ఈ పరీక్ష చేయండి.

షాఫ్టు పుల్లీని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. ఆట, అంటే వదులు కదలిక, ఉంటే బేరింగు పోయింది. అది చిన్న ఖర్చే, ధర తగ్గించడానికి మంచి సాకు కూడా. కానీ బేరింగు లోపలి రింగు షాఫ్టు మీద జారి తిరిగి గాడి పడి ఉంటే అది పెద్ద పని. షాఫ్టు విప్పించి, మెటల్ నింపించి, లేతు మీద మళ్ళీ తీయించాలి. మిషన్‌ను అయిదారు నిమిషాలు నడిపించి, ఆపాక బేరింగు కప్పుల మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి ఆనకపోతే అనుమానించాలి.

మోటారు సంగతి చివర. ప్లేటు మీద హెచ్‌పీ, ఆర్‌పీఎం, వోల్టులు, ఆంపియర్లు చదవండి. 12 అంగుళాల ప్లేనరుకు సింగిల్ ఫేజ్‌లో 2 హెచ్‌పీ సరిపోతుంది. టెర్మినల్ మూత తీసి వాసన చూడండి, మాడిన వార్నిషు కంపు దాగదు. రీవైండింగ్ చేసిందైతే రాగి తీగా, అల్యూమినియం తీగా అడగండి. స్విచ్ వేయగానే మూలిగి, ఆలస్యంగా అందుకుంటే మోటారును స్టార్టు చేయించే కెపాసిటరు బలహీనమైంది. ఆపాక వేగం తగ్గేటప్పుడు లోపల టిక్కుమని సెంట్రిఫ్యూగల్ స్విచ్ చప్పుడు రావాలి.

చవకగా దొరికేవి ఎక్కువగా త్రీ ఫేజ్ మోటార్లే. సింగిల్ ఫేజ్‌ను త్రీ ఫేజ్‌గా మార్చి ఇచ్చే వీఎఫ్‌డీ అనే పెట్టె పెట్టి సింగిల్ ఫేజ్ మీద నడపవచ్చు, కానీ ఒక మెలిక ఉంది. మామూలు సింగిల్ ఫేజ్ వీఎఫ్‌డీ ఇచ్చేది 230 వోల్టుల త్రీ ఫేజ్. మోటారేమో 415 వోల్టుల స్టార్ కనెక్షన్‌లో ఉంటుంది. స్టార్, డెల్టా అనేవి మోటారు తీగల కొసలు కలిపే రెండు పద్ధతులు. దాన్ని డెల్టాకు మారిస్తేనే పూర్తి బలం వస్తుంది. టెర్మినల్ బాక్సులో ఆరు తీగలుంటే మార్చడం అయిదు నిమిషాల పని. మూడే ఉంటే రీవైండింగ్ షాపులో లోపలి స్టార్ ముడి విప్పించి ఆరు కొసలూ బయటికి తీయించాలి. ఈ తంతు వద్దనుకుంటే త్రీ ఫేజ్ మోటారు అమ్మేసి సింగిల్ ఫేజ్‌ది వేసుకోండి.

కొన్న ధరలో మూడో వంతు బాగుచేతకు విడిగా పెట్టుకోండి. బెల్టులు, బేరింగులు, పుల్లీలు, మోటార్ల కోసం సికింద్రాబాద్ రాణీగంజ్, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఒక పూట తిరిగితే అన్నీ ఒకేసారి వస్తాయి.

ఇంటికి తేవడం, నిలబెట్టడం

మోటారు ముందే విప్పి వేరుగా తీసుకురండి. తాళ్ళు మిషన్ బాడీ కిందనుంచి వేయాలి. బల్లలు పట్టుకునో కట్టర్ బ్లాక్ పట్టుకునో ఎత్తితే, కొట్లో మీరు చూసిన చదును ఇంటికొచ్చేసరికి ఉండదు. బల్లలు విప్పాల్సివస్తే స్లైడ్ల మధ్య పలచని రేకు ముక్కలున్నాయేమో చూడండి. అవి చెత్త కాదు, ఎవరో మేస్త్రీ పెట్టిన షిమ్‌లు. ఏది ఎక్కడిదో రాసిపెట్టి, ఫోన్లో ఫొటో తీసుకోండి.

మిషన్‌ను గది మధ్యలో కాకుండా తలుపుకు సూటిగా పెట్టండి. ఏడడుగుల చెక్క రందా పట్టాలంటే బ్లాకుకు ముందు ఏడడుగులు, వెనక ఏడడుగులు కావాలి. తలుపు తెరిస్తే ఆ చోటు బయటినుంచి వస్తుంది. నాలుగు కాళ్ళూ నేలకు ఆనకుండా బోల్టులు బిగిస్తే బాడీ మెలిపడి బల్లలు కూడా మెలిపడతాయి. ముందు ఆనని కాలి కింద రేకు పెట్టి, స్పిరిట్ లెవెల్ చూసి, 10 మి.మీ. రబ్బరు ప్యాడ్ల మీద 12 మి.మీ. యాంకర్ బోల్టులు బిగించండి. బిగించాక స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి మళ్ళీ చూడాల్సిందే.

బల్లల తుప్పుకు కిరసనాయిలు, 240 నంబరు గరుకు కాగితం చాలు. చెక్కముక్కకు కాగితం చుట్టి నిలువుగా రుద్దండి. గ్రైండరు పెడితే గుంటలు పడతాయి. తుడిచి ఆరాక మైనం పూసి గుడ్డతో మెరుగుపెట్టండి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రగాలి ఊళ్ళలో నెలకోసారైనా పూయాలి. సిలికాన్ స్ప్రే కొట్టకండి, అది చెక్కకు అంటుకుని తర్వాత పాలిష్ చుక్కలు చుక్కలుగా విడిపోతుంది.

కరెంటు

2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు నిండు లోడులో 10 నుంచి 12 ఆంపియర్లు లాగుతుంది, స్టార్టింగులో అయిదారు రెట్లు. కాబట్టి మీటరు బోర్డు నుంచి విడిగా 4 చదరపు మి.మీ. రాగి వైరు, స్టార్టింగు లాగుడును తట్టుకునే సీ కర్వ్ రకం 20 ఆంప్స్ ఎంసీబీ, షాక్ తగిలితే కరెంటు ఆపే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ కావాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడిపితే వోల్టేజి పడిపోయి మోటారు వేడెక్కుతుంది. మోటార్లు పని భారానికే కాదు, సన్న వైర్ల వల్ల కూడా కాలిపోతాయి.

స్విచ్ బదులు బోరు మోటార్లకు వాడే డీఓఎల్ స్టార్టరు పెట్టండి. మన ఊళ్ళలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో చెప్పలేం. మామూలు స్విచ్ అయితే కరెంటు రాగానే మిషన్ దానంతటదే తిరగడం మొదలెడుతుంది, అప్పటికి మీ చెయ్యి బ్లాకు మీద ఉండవచ్చు. స్టార్టరు అయితే పచ్చబటన్ మళ్ళీ నొక్కితేగానీ కదలదు. భారం ఎక్కువైతే మోటారును ఆపే, అందులోని ఓవర్‌లోడ్ రిలేను మోటారు ప్లేటు మీదున్న ఆంపియర్లకు తిప్పి పెట్టండి. మూడు పోళ్ళ రిలేను సింగిల్ ఫేజ్‌కు వాడుతుంటే కరెంటు మూడు పోళ్ళ గుండా వరసగా వెళ్ళేలా వైరింగ్ చేయించాలి, లేకపోతే కారణం లేకుండా ట్రిప్ అవుతూ విసిగిస్తుంది. ఇంటి కనెక్షన్ సొంత పనికే. అమ్మకానికి చేయడం మొదలెడితే కేటగిరీ మార్పించుకోండి, లోడు కూడా పెంచించుకోండి.

బేరింగులు, పుల్లీలు, బెల్టు

ఆట ఉన్నా లేకపోయినా పాత మిషన్‌కు రెండు బేరింగులూ మార్చేయడం మంచిది. పాతదాని మీద నంబరు ఉంటుంది. ఉదాహరణకు 6205 అంటే లోపలి రంధ్రం 25, బయటి వ్యాసం 52, మందం 15 మి.మీ. రెండు వైపులా మూతలున్న రకం తీసుకోండి, లేకపోతే పొట్టు లోపలికి చేరుతుంది. నకిలీలు ఎక్కువ, కంపెనీ డీలరు దగ్గరే బిల్లుతో కొనండి. పాతవి పుల్లరుతో తీయాలి. కొత్తవి ఎక్కించేటప్పుడు లోపలి రింగుకు సరిపోయే ఇనుప గొట్టం ఆనించి కొట్టాలి. బయటి రింగు మీద కొడితే గోళీల దెబ్బలు గాడిలో పడి, కొత్త బేరింగు మొదటిరోజే గురగురమంటుంది.

వేగం లెక్క తేలిక: మోటారు ఆర్‌పీఎంను మోటారు పుల్లీ సైజుతో గుణించి, షాఫ్టు పుల్లీ సైజుతో భాగించండి. 2880 మోటారుకు 5 అంగుళాల పుల్లీ, షాఫ్టుకు 3 అంగుళాలది పెడితే 4800 వస్తుంది. ఉత్త ప్లేనరుకు ఇది చక్కటి వేగం. అదే షాఫ్టు మీద రంపం కూడా ఉంటే మోటారుకు 4 అంగుళాల పుల్లీ వేసి 3840కి దించండి. రంపం బ్లేడు మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం చూడకుండా ఎప్పుడూ ఎక్కించవద్దు.

రెండు పుల్లీల ముఖాలకూ దారం లాగి పట్టుకుంటే నాలుగుచోట్లా తాకాలి. బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కితే రెండడుగుల దూరానికి ఒక సెంటీమీటరు దిగాలి. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి, వదులైతే జారి కాలిన రబ్బరు వాసన వస్తుంది. బెల్టు వేయకముందే మోటారు ఒంటరిగా తిప్పి, ఏ వైపు తిరుగుతోందో చూసుకోండి.

బ్లేడ్లు కూర్చోబెట్టడం

మిషన్ పనితనమంతా ఇక్కడే తేలుతుంది. తొందరపడకండి.

సాన పెట్టించి తెచ్చిన బ్లేడ్లను వంటింటి డిజిటల్ కాటా మీద తూచండి. రెండింటికీ తేడా ఒకటి రెండు గ్రాములు మించితే మిషన్ వణుకుతుంది. బరువైనదాన్ని వీపు వైపు సాన పట్టించి తగ్గించాలి, పదును వైపు కాదు. బ్లాకు గాడిలో పొట్టు, జిగురు లేకుండా కిరసనాయిలుతో కడగండి. గాడిలో చిన్న పొట్టు ముక్క ఉన్నా బ్లేడు వంకరగా కూర్చుంటుంది.

బెల్టు తీసేసి, స్టార్టరుకు వచ్చే ఎంసీబీ దించేయండి. బ్లేడు బ్లాకు నుంచి 1 మి.మీ. కంటే ఎక్కువ బయటికి రాకూడదు. బోల్టులు చేతి బిగువు మాత్రం పెట్టండి. ఇప్పుడు ఒక అడుగు పొడవున్న తిన్నని చెక్కపట్టీ తీసుకుని వెనకబల్ల మీద, బ్లాకు మీదికి జరిగేలా పరవండి. బల్ల కొస చెక్కను ఎక్కడ తాకుతుందో అక్కడ పెన్సిలు గీత పెట్టండి. బ్లాకును తిరిగే వైపుగా చేత్తో నెమ్మదిగా తిప్పండి. బ్లేడు చెక్కను తాకి కాస్త ముందుకు ఈడ్చి వదిలేస్తుంది. మళ్ళీ గీత పెట్టండి. రెండు గీతల మధ్య 3 మి.మీ. ఉండాలి. అసలు కదలకపోతే బ్లేడు పల్లంగా ఉంది, 6, 7 మి.మీ. ఈడిస్తే మరీ ఎత్తుగా ఉంది. బ్లేడు కుడి కొస, మధ్య, ఎడమ కొస మూడుచోట్లా ఇదే కొలత వచ్చేదాకా తడుతూ సరిచేయండి, తర్వాత రెండో బ్లేడు. అన్ని బోల్టులూ ఒకేసారి కాకుండా మూడు విడతలుగా బిగించి, మళ్ళీ ఒకసారి గీతల పరీక్ష చేయండి, ఎందుకంటే బిగువుకు బ్లేడు పైకి పాకుతుంది.

నడిపాక చెక్క చివరి రెండంగుళాల్లో పల్లం పడితే వెనకబల్ల బ్లేడు కంటే కిందికి ఉంది. చెక్క బల్ల అంచుకు కొట్టుకుని ఆగిపోతే వెనకబల్ల ఎత్తుగా ఉంది. చెక్క పొడవునా సన్నటి గీత నిలిస్తే బ్లేడుకు మేకు తగిలి నోరు పోయింది. ఒక బ్లేడును అర మిల్లీమీటరు పక్కకు జరిపితే ఆ గీత పోతుంది. బల్లల వాలును సరిచేయాలంటే స్లైడు కింది కొసలో షిమ్ పెట్టాలి. కూల్‌డ్రింక్ టిన్ను రేకు సుమారు 0.1 మి.మీ. ఉంటుంది, దానికంటే చవకైన షిమ్ లేదు.

రంపం వైపు

ఒకే షాఫ్టు మిషన్లలో మీరు రందా పడుతున్నప్పుడు పక్కన రంపం కూడా తిరుగుతూనే ఉంటుంది. కోత పని లేనప్పుడు రంపం బ్లేడు విప్పి పక్కన పెట్టండి. బద్ధకించకండి.

పాత మిషన్లలో దాదాపు ఎక్కడా చీలికకత్తి ఉండదు, తయారుచేయించుకోవాల్సిందే. బ్లేడు వెనక నిలబడే ఈ రేకు, కోసిన చెక్క మూసుకుపోయి వెనక పళ్ళను నొక్కకుండా ఆపుతుంది. అలా నొక్కుకున్నప్పుడే చెక్క తూటాలా వెనక్కి వచ్చి పొట్టకు తగులుతుంది. బ్లేడు రేకు మందం 2.2, కోత వెడల్పు 3.2 మి.మీ. అయితే 2.5 మి.మీ. స్టీలు రేకు సరిపోతుంది. బ్లేడు వంపుకు సరిగ్గా కోయించి, పళ్ళకు 3 నుంచి 8 మి.మీ. దూరంలో, బ్లేడు పైకొస కంటే రెండు మూడు మి.మీ. కిందికి ఉండేలా బిగించండి.

కంచెను, అంటే ఫెన్స్‌ను, ముందువైపు ఒక పన్ను దగ్గర కొలిచి, అదే పన్నును వెనక్కి తిప్పి మళ్ళీ కొలవండి. వెనకవైపు 0.1 మి.మీ. ఎక్కువ ఉన్నా మంచిదే, తక్కువ మాత్రం ఉండకూడదు, చెక్క మాడుతుంది. షాఫ్టు సైజుకు బ్లేడు రంధ్రం పెద్దదైతే కాగితం చుట్టి సరిపెట్టకండి, లేతు మీద తీసిన ఇనుప బుష్ (మధ్యలో పెట్టే రింగు) వేయండి. నిలువుకోతకు 24 పళ్ళ బ్లేడు, ప్లైవుడ్‌కు 60 పళ్ళది.

అడుగు కంటే పొట్టి ముక్కలను ప్లేనర్ మీద పెట్టవద్దు. బ్లాకు మీదుగా చెయ్యి పోనివ్వకుండా తోపుడుకర్రలు వాడండి. తువ్వాలు, చున్నీ, గ్లవ్స్ వేసుకుని మిషన్ దగ్గరికి రావద్దు.

పొట్టు, దుమ్ము

ప్లేనరు పొట్టుకు ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనరు పనికిరాదు, సన్న గొట్టం రెండు నిమిషాల్లో పూడుకుపోతుంది. 1 లేదా 2 హెచ్‌పీ బ్లోయరు, నాలుగంగుళాల గొట్టం కావాలి. వంపులు తక్కువగా, గొట్టం పొట్టిగా ఉంచండి. వ్యాక్యూమ్ ఉంటే దాన్ని శాండర్‌కు వాడండి, మధ్యలో దుమ్మును సుడి తిప్పి కింద పడేసే సైక్లోన్ బకెట్ పెట్టి. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది. టేకు దుమ్ముకు దద్దుర్లు వచ్చేవాళ్ళూ ఉన్నారు. శాండింగ్ చేసే ప్రతిసారీ ఎన్95 మాస్కు ఉండాలి.

కలప

కూల్చిన ఇళ్ళ టేకు కొంటే చెక్కను మిషన్ మీద పెట్టేముందు అయస్కాంతంతో నాలుగు ముఖాలూ తడిమి మేకులన్నీ తీయండి. మట్టి, సున్నం ఇనుప బ్రష్‌తో గీకండి, ఇసుక రేణువు కూడా పదును తీసేస్తుంది.

దుంగలు కరెంటు రంపంతో కోయడం చట్టం దృష్టిలో సామిల్లు పని, దానికి అటవీశాఖ లైసెన్సు కావాలి. 1996లో అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తర్వులు వచ్చాక ఇందులో పట్టింపు బాగా పెరిగింది. అందుకే దుంగలు కోసే పెద్ద బ్యాండ్‌సా చవకగా వచ్చినా కొనకండి. కోసిన సైజు చెక్కే డిపోలో తీసుకుని, ఘనపుటడుగుల లెక్క రాసిన బిల్లు షెడ్డులోనే ఫైలు చేసి ఉంచండి. కూల్చిన ఇంటి కలపైతే ఇంటి యజమాని దగ్గర ఒక కాగితం రాయించుకోండి.